దారిలో ఒక దీవి: లక్నవరంలో ఒక రాత్రి



ఆస్ట్రేలియాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో బయలుదేరే మన వరంగల్, హన్మకొండ తల్లిదండ్రుల్లో ఈమధ్య ఒక మంచి అలవాటు కనబడుతోంది. హైదరాబాదులో విమానమెక్కి సింగపూర్‌లో దిగుతారు. వెంటనే ఇంకో విమానం ఎక్కకుండా అక్కడ ఒకటి రెండు రోజులు ఆగుతారు. సెంటోసా దీవికి వెళ్లి, సముద్రం ఒడ్డున కాసేపు కూర్చుని, కాళ్లు చాపుకుని, ఆ తర్వాతే మెల్‌బోర్న్‌కో సిడ్నీకో కదులుతారు. అంత దూరం ఒక్క దమ్మున పోకుండా మధ్యలో మజిలీ చేస్తే ఒంటికీ సుఖం, మనసుకూ ఆటవిడుపు. మన పెద్దవాళ్లు కాశీకి పోయినా, భద్రాచలం పోయినా ఇట్లాగే ఆగి ఆగి పోయేవాళ్లు. పోయే చోటు ఎంత ముఖ్యమో, ఆగే చోటు కూడా అంతే ముఖ్యం అనుకునేవాళ్లు.

మరి మన గుమ్మం ముందు నుంచి పోయే దారిలో ఈ పద్ధతి ఎందుకు పాటించడం లేదు? వరంగల్ నుంచి మేడారం పోతాం. ఏటూరునాగారం పోతాం. వానాకాలంలో బొగత జలపాతం చూడాలని వాజేడు దాకా పోతాం. పొద్దున చీకట్లో బయలుదేరి, రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరి, మర్నాడంతా నడుం నొప్పి అంటాం. ఆ దారిలోనే, మన ఊరి నుంచి డెబ్భై కిలోమీటర్ల చిల్లరలో, అడవి మధ్య నీళ్లు, నీళ్ల మధ్య దీవులు ఉన్నాయి. అదే లక్నవరం. పదమూడు దీవులని చెబుతారు. వాటిలో కొన్నింటి మీద రాత్రి ఉండటానికి గదులున్నాయి. అయినా మనలో చాలామంది అక్కడ వంతెన ఎక్కి, నాలుగు ఫొటోలు దిగి, అరగంటలో బండెక్కుతున్నారు. ఆ అరగంట చాలదు, ఒక రాత్రి ఆగాలి అని మీకు గట్టిగా చెప్పడానికే ఈ పది నిమిషాలు తీసుకుంటున్నాను.

దారి సంగతి ముందు చెబుతాను. హన్మకొండ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి. ఆత్మకూరు, గూడెప్పాడ్, మల్లంపల్లి దాటితే ములుగు. ఊళ్లోకి వెళ్లకముందే గట్టమ్మ తల్లి గుడి. మేడారం పోయే బండి ఏదైనా సరే, అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టందే కదలదు. సమ్మక్కకు చెల్లించే మొక్కు కంటే ముందు మొక్కు గట్టమ్మకే. అంటే ఈ దారిలో మజిలీ చేసే ఆచారం మనకు ఎప్పటి నుంచో ఉంది. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగితే పాలంపేట, రామప్ప గుడి. తిరగకుండా నేరుగా గోవిందరావుపేట వైపు పోయి, కుడివైపు బుస్సాపూర్ దారి పట్టుకుంటే లక్నవరం. రహదారి దిగిన దగ్గర నుంచే వాతావరణం మారిపోతుంది. రెండు పక్కలా పొలాలు, ఆ తర్వాత గుట్టలు, టేకు చెట్లు, ఇప్ప చెట్లు. బస్సులో వచ్చేవాళ్లు రహదారి మీద దిగి ఆటో మాట్లాడుకోవాలి. కాబట్టి చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉన్నవాళ్లు బండి మాట్లాడుకుని రావడమే మేలు.

చెరువు దగ్గరికి రాగానే ముందు కంటికి కనబడేది వేలాడే వంతెన. ఉక్కు తాళ్ల మీద నిలబడి, ఒడ్డు నుంచి మొదటి దీవికి తీసుకుపోతుంది. నాలుగు అడుగులు వేయగానే కాళ్ల కింద సన్నగా ఊగుతుంది. ఎదురుగా ఇంకో కుటుంబం వస్తే ఊపు కొంచెం పెరుగుతుంది. చిన్నపిల్లలు మొదట తల్లి కొంగు పట్టుకుంటారు, సగం దూరం పోయాక వదిలేసి పరుగెత్తుతారు. అక్కడ నిలబడి కిందికి చూస్తే ఆకుపచ్చ నీళ్లు. తల ఎత్తితే నాలుగు వైపులా గుట్టలు. వచ్చినవాళ్లు ఎక్కువమంది ఈ అందం చూసి తిరిగిపోతారు. వాళ్లను తప్పుపట్టను, ఆ అందం అట్లాంటిది. కానీ అక్కడే ఒక్క నిమిషం ఆగి, అసలు ఇక్కడికి దీవులు ఎట్లా వచ్చాయని అడిగితే, చూసే చూపే మారిపోతుంది.

మాల్దీవుల్లో దీవులను పగడపు పురుగులు కట్టాయి. మన తెలుగువాళ్లు ఏనాడో వలస పోయి స్థిరపడ్డ మారిషస్, సముద్రం అడుగు నుంచి పైకి లేచిన అగ్నిపర్వతం. లక్నవరం దీవులు అట్లా పుట్టలేదు. ఇవన్నీ ఒకప్పుడు గుట్టలు. ఒకదాని పక్కన ఒకటి గుట్టలు, వాటి మధ్య లోయలు, లోయల్లో వానాకాలపు వాగులు. పదమూడో శతాబ్దంలో కాకతీయుల కాలంలో ఎవరో ఈ నేలంతా తిరిగి చూశారు. గుట్టలే గోడలుగా ఉన్నాయి, నీళ్లు తప్పించుకుపోయే సందులు మూడే ఉన్నాయి, ఆ మూడింటినీ మూసేస్తే చాలు అని గ్రహించారు. మూడు ఇరుకు లోయలకు అడ్డంగా మూడు చిన్న కట్టలు వేశారు. మిగిలిన పనంతా గుట్టలే చేశాయి. నీళ్లు నిండుతూ నిండుతూ వచ్చాయి. పొట్టి గుట్టలు మునిగాయి, పొడుగు గుట్టల తలలు పైన మిగిలాయి. మనం ఇప్పుడు గదులు తీసుకుని పడుకునే దీవులు అవే.

ఇంత తక్కువ మట్టితో అంత పెద్ద చెరువు కట్టిన ఆ చూపుకు నేను ఎన్నిసార్లు చేతులెత్తి మొక్కినా తక్కువే. అప్పుడు డ్రోన్లు లేవు, ఉపగ్రహపు పటాలు లేవు. వాన ఎటు పడితే నీరు ఎటు పోతుందో కాళ్లతో నడిచి, కళ్లతో చూసి తెలుసుకున్న మనుషులు వాళ్లు. ఇదే కాలంలో గణపతిదేవుని ఏలుబడిలో పాకాల చెరువు కట్టారు. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప చెరువునూ, 1213లో గుడినీ కట్టించాడు. ఊరు, గుడి, చెరువు అని మూడింటినీ ఒకే పనిగా చూసిన కాలం అది. ఓరుగల్లు కోట 1323లో పడిపోయింది. ఆ కోటను ఏలిన వంశం పోయింది. కానీ వాళ్ల కాలంలో కట్టిన చెరువులు ఇప్పటికీ వరికి నీళ్లు పారిస్తున్నాయి.

గుట్ట దీవి కావడం మనకు ఇంకోచోట కూడా తెలుసు. నాగార్జునసాగర్‌కు 1955లో పునాది వేశారు. ఆనకట్ట లేచి కృష్ణ నీళ్లు నిండినప్పుడు లోయలోని ఇక్ష్వాకుల విజయపురి మునిగింది, నాగార్జునకొండ దీవిగా మిగిలింది. అక్కడి బౌద్ధ శిల్పాలను పైకి తెచ్చి కొండ మీద మ్యూజియం పెట్టారు. ఇప్పటికీ లాంచీలో పోయి చూస్తాం. సముద్రాల అవతల పనామా దేశంలో బారో కొలరాడో అనే దీవి ఉంది. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టి గాటూన్ సరస్సు నింపినప్పుడు, 1913 నాటికి ఒక కొండ తల దీవిగా తేలింది. 1923లో దాన్ని రక్షిత వనంగా ప్రకటించారు. అప్పటి నుంచి ఉష్ణమండలపు అడవిని చదవాలనుకునే శాస్త్రవేత్తలు ప్రపంచం నలుమూలల నుంచి ఆ దీవికి పోతూనే ఉన్నారు. మన దీవుల వయసు దానికంటే ఆరేడు వందల ఏళ్లు ఎక్కువ. మనదీ ఉష్ణమండలపు నేలే, వరంగల్ పద్దెనిమిది డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన దీవుల మీద ఏ చెట్లున్నాయి, ఏ పిట్టలు గూడు కడుతున్నాయి, ఏ చేపలు ఎక్కడ గుడ్లు పెడుతున్నాయి అన్నది కాకతీయ విశ్వవిద్యాలయం పిల్లలు ఏళ్ల తరబడి రాసిపెట్టదగిన విషయం. ఈ మాట వింటున్న అధ్యాపకులు ఎవరైనా ఉంటే దయచేసి ఆలోచించండి.

లక్నవరాన్ని తెలంగాణ మాల్దీవులని, తెలంగాణ మున్నార్ అని పిలవడం ఈమధ్య మొదలైంది. పిలిచేవాళ్లది ప్రేమే, కాదనను. కానీ ఈ దీవుల అసలు గొప్పతనం ఆ పోలికలో పోతుంది. ఎందుకంటే లక్నవరం మొదట పొలాల చెరువు, ఆ తర్వాతే విహారస్థలం. దీన్ని కళ్లారా చూడాలంటే వంతెన వదిలి కట్ట వైపు రావాలి. తూము ఎత్తి ఉన్న రోజుల్లో అయితే నీళ్లు చీకటి సందులోంచి ఉరికి వచ్చి, కాలువలో పడి సుడి తిరిగి, నురగ కక్కి, పది గజాలు పోయేసరికి నెమ్మదించి, తర్వాత చప్పుడు లేకుండా సాగిపోతాయి. కాలువ గట్టు వెంట కొంచెం దూరం నడిస్తే వరి మడులు మొదలవుతాయి. గట్టు మీద పార భుజాన వేసుకుని పోయే రైతును పలకరించండి. చెరువు ఎన్ని అడుగులుందో ఆయన చూడకుండానే చెబుతాడు. నిండు చెరువంటే ముప్పై మూడు అడుగుల పైమాట. అప్పుడు మత్తడి పోస్తుంది, ఊళ్లకు ఊళ్లు చూడటానికి కదిలివస్తాయి. వానాకాలం పంటకు సాధారణంగా బాధ లేదు. యాసంగి వచ్చేసరికి చెరువులో ఉన్న నీళ్లు చూసి, ఏ కాలువ కింద ఎన్ని ఎకరాలకు వదలాలో అధికారులు, రైతులు కూర్చుని తైబందీ ఖరారు చేస్తారు. ఆ రోజు చేసిన నిర్ణయాన్ని బట్టి ఎండాకాలం చెరువు ఎంత దిగుతుందో తేలుతుంది.

అంటే ఈ దీవుల సైజు ఏడాదంతా ఒకేలా ఉండదు. దసరా, దీపావళి రోజుల్లో నీళ్లు చెట్ల మొదళ్లను తాకుతుంటాయి. యాసంగి వరి పొట్టకొచ్చి, గింజ పాలు పోసుకునే నాటికి చెరువు దిగిపోయి దీవుల చుట్టూ ఎర్రమట్టి అంచు బయటపడుతుంది. అది చూసి చెరువు వెలవెలబోయింది, డబ్బు దండగైంది అనే యాత్రికుల మాటలు నేను విన్నాను. వాళ్లకు నా మనవి ఒక్కటే. ఆ దిగిన నీళ్లు ఎక్కడికీ పోలేదు, కిందనున్న మడుల్లో వడ్లయ్యాయి. మనం ఆయకట్టు రైతుల ఇంటికి వచ్చిన చుట్టాలం. నిండు చెరువు చూడాలనుకునేవాళ్లు అక్టోబరు నుంచి జనవరి మధ్యన రావడం ఉత్తమం.

ఇక రాత్రి ఉండే విషయం. వంతెనలతో కలిపిన దీవుల్లో పర్యాటక సంస్థ వాళ్ల కాటేజీలున్నాయి, భోజనశాల ఉంది. 2024 నవంబరులో మూడో దీవి మీద కొత్త విడిది తెరిచారు. అక్కడికి పడవలో పోవాలి, ఖర్చు కూడా ఎక్కువే. మధ్యతరగతి కుటుంబానికి పాత కాటేజీలు సరిపోతాయని నా అభిప్రాయం. కిటికీ తీస్తే కనబడే నీళ్లు రెండుచోట్లా అవే. సాయంత్రం పొద్దు గుంకే వేళకు రోజు చూసిపోయే బస్సులు, కార్లు వెళ్లిపోతాయి. పాటల పెట్టెల మోత ఆగిపోతుంది. వంతెన మీద అడుగుల చప్పుడు తగ్గిపోతుంది. అప్పుడు దీవి దీవిలా ఉంటుంది. నీటికాకులు వరుసగా తమ చెట్టుకు చేరుకుంటాయి. నీళ్లలో చేప ఎగిరిపడ్డ చప్పుడు గదిలోకి వినిపిస్తుంది. చలికాలమైతే తెల్లవారుజామున నీళ్ల మీద మంచు ఇంత మందాన పరుచుకుని, ఎదుటి దీవి కనబడదు. ఆ మంచులోనే వలలు తీయడానికి బెస్తవాళ్లు తెప్పలేసుకుని బయలుదేరతారు. ముందు మాటలు వినిపిస్తాయి, తర్వాత మనుషులు కనబడతారు. పట్నంలో పుట్టి, చేపను దుకాణంలో తప్ప చూడని మన పిల్లలకు ఆ ఒక్క పొద్దు చూపిస్తే చాలు, రిసార్టుకు పెట్టిన డబ్బులకు న్యాయం జరిగినట్టే.

రాత్రి ఇక్కడ ఆగితే మర్నాడు మీ ముందు రెండు దారులు ఉంటాయి. వెనక్కి రామప్పకు పోవచ్చు, ముందుకు మేడారం పోవచ్చు. రామప్ప గురించి ఎక్కువ చెప్పను, 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, అప్పటి నుంచి అందరూ చెబుతున్నారు. ఒక్కటే మాట. గుడి పొద్దున్నే చూడండి, తూర్పు ఎండ మీద పడేటప్పుడు ఆ నల్లరాతి మదనికల నగల మీది చెక్కుడు వేలితో తడిమినంత స్పష్టంగా కనబడుతుంది.

మేడారం గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. పస్రా దగ్గర ఎడమకు తిరిగి అడవిలోంచి పోతే సమ్మక్క, సారలమ్మల గద్దెలు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జరిగే జాతరలో కోటి మందికి పైగా వస్తారని లెక్క. మిగతా రోజుల్లో పోతే నెమ్మదిగా దర్శనం చేసుకోవచ్చు. ఐతిహ్యం ఏం చెబుతుంది? కరువొచ్చి పంటలు ఎండిపోయాయి. సమ్మక్క భర్త, కోయదొర పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుని సేన మేడారం మీదికి వచ్చింది. పగిడిద్దరాజు, కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో ఒరిగిపోయారు. ఓటమి భరించలేక కొడుకు జంపన్న దూకిన సంపెంగ వాగే జంపన్న వాగు అయింది. సమ్మక్క పోరాడుతూ పోరాడుతూ చిలుకలగుట్ట వైపు వెళ్లి కుంకుమ భరిణె రూపంలో దొరికింది. కోయల నోటి మీద తరతరాలుగా నడిచిన చరిత్ర ఇది.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. నిన్న సాయంత్రం మనం కూర్చున్న కట్ట వేయించింది కాకతీయులు. ఈరోజు మనం బెల్లం బంగారంగా సమర్పించే తల్లి ఎదిరించింది ఆ కాకతీయులనే. ఒక లోయకు నీళ్లిచ్చిన రాజ్యం, నీళ్లు లేక ఎండిన ఇంకో చోట పన్నడిగింది. రెండూ ఒకే అడవిలో, గంట ప్రయాణం దూరంలో ఉన్నాయి. ఒక్కరోజులో ఉరుకులు పరుగులుగా చూసేవాళ్లకు ఇది చెరువొకటి, జాతరొకటిగానే మిగులుతుంది. మధ్యలో ఒక రాత్రి ఆగినవాళ్లకే ఈ రెండింటినీ కలిపి ఆలోచించే తీరిక దొరుకుతుంది. అందుకే నేను ఆగమనడం. పిల్లలకు చెప్పాల్సినప్పుడు చెరువు కట్టిన గొప్పతనమూ చెప్పండి, కప్పం కథా చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి దాచకండి.

కొన్ని జాగ్రత్తలు. నిండు వానాకాలంలో, ముఖ్యంగా జులై, ఆగస్టు నెలల్లో వాతావరణ హెచ్చరిక ఉందంటే ప్రయాణం మానుకోండి. 2023 జులైలో ఇదే ములుగు జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంటే అరవై నాలుగు సెంటీమీటర్ల పైమాట. ఆ రోజుల్లో వాగులు ఊళ్లను ముంచాయి, ప్రాణాలు తీశాయి. అడవి వాగు పొద్దున మోకాలి లోతు ఉంటే మధ్యాహ్నానికి తల మునిగేంత వస్తుంది. చెరువులో ఈత కొట్టే ఆలోచనే వద్దు. ఒడ్డు దగ్గర లోతు తక్కువే కదా అనుకుంటాం. ఇది లోయలో నిండిన నీరు, ఒక్క అడుగు పక్కకు పడితే ఎంత లోతో ఎవరికీ తెలియదు. పడవ ఎక్కినప్పుడు లైఫ్ జాకెట్ తొడుక్కోండి, పిల్లలకు బెల్టు బిగించారో లేదో మీ చేత్తో లాగి చూసుకోండి. ఉక్కగా ఉంది, ఫొటో బాగా రాదు అని విప్పకండి.

ఇంకొకటి నన్ను నిజంగా బాధపెట్టే సంగతి. కట్ట మీద, దీవుల అంచున సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ పొట్లాలు. తాగి పగలగొట్టిన గాజు పెంకు నీళ్లు దిగినప్పుడు మట్టిలో కలుస్తుంది, తూము గుండా కాలువలోకి, కాలువ నుంచి మడిలోకి పోతుంది. నాటు వేసే కూలితల్లి వట్టి కాళ్లతో ఆ బురదలో దిగుతుంది. ఆమె కాలు కోసుకుంటే ఆ రోజు కూలీ పోతుంది, వారం పని పోతుంది. సింగపూర్‌లో కాగితం ముక్క కింద పడేయడానికి జంకే మనమే ఇక్కడ ఇట్లా ఎందుకు చేస్తున్నాం? తెచ్చుకున్న సంచిలోనే చెత్త వేసుకుని తిరిగి తీసుకుపోవడం ఎవరికీ భారం కాదు.

కాబట్టి శ్రోతలారా, ఈసారి మేడారం మొక్కు చెల్లించడానికో, బొగత చూడటానికో బయలుదేరినప్పుడు ఒక పూట కలిపి సెలవు పెట్టుకోండి. శని, ఆదివారాలు రద్దీ ఎక్కువ, గదులు ముందే నిండిపోతాయి. వీలైతే వారం మధ్యలో రండి, గది ముందుగా బుక్ చేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకురండి. వంతెన ఎక్కే ముందు పిల్లలను తూము దగ్గరికి తీసుకుపోయి, ఆ నీళ్లు ఎవరి పొలానికి పోతున్నాయో అక్కడి రైతునే అడిగి చెప్పించండి.